సింకు కింద బకెట్

పైపులు, కుళాయిలు అమ్మే కంపెనీలో ఫోన్లో సలహాలు చెప్పడం నా ఉద్యోగం. కారినా, పొంగినా, మూసుకుపోయినా జనం మాకే ఫోన్ చేస్తారు. పొద్దున చెవికి తగిలించుకున్న ఫోను సాయంత్రానికి గానీ ఊడదు. ఎవరినైనా సరే 'అండీ' అనాలి, సొంత కబుర్లు చెప్పుకోకూడదు, మాటలన్నీ రికార్డవుతాయి. ఇంటికి చేరేసరికి మనిషి గొంతు వింటేనే ఒళ్లు మండుతుంది.

ఆ మంటలోనే మా అత్తగారితో చెడింది. వంటింటి సింకులో నీళ్లు సరిగా దిగడం లేదని ఆవిడ ఓ రోజు గుమ్మంలోనే అందుకున్నారు.

"ఊరందరి గొట్టాలూ బాగుచేస్తావు, మన సింకు కనబడదా?"

"ఇంటికొచ్చాక కూడా డ్యూటీయేనా?" అని చెప్పులు విసిరేసి గదిలోకి పోయాను.

అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. కూరగిన్నె అటు జరగాలన్నా ఇటు జరగాలన్నా మధ్యలో మా ఆయన ఉండాల్సిందే. ఇక నావల్ల కాదని, వేరే కాపురం పెడదామని నేనే పట్టుబట్టాను. ఈ సాయంత్రం ఒక వాటా చూడటానికి వెళ్లాలి. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

మధ్యాహ్నం పక్క సీటు అమ్మాయి నవ్వాపుకుంటూ నా వైపు వంగింది.

"అక్కా, ఒకావిడ నేను ఎత్తగానే పెట్టేస్తోంది. బొంగురు గొంతావిడే కావాలట. నువ్వేగా?"

లైను నాకు కలిపింది.

"నమస్కారమండీ, చెప్పండి."

"మా వంటింట్లో సింకు నిండిపోయిందండీ."

ఆ గొంతు నాకు తెలియనిదా! ఆవిడ నన్ను 'అండీ' అనడం పెళ్లయ్యాక ఇదే మొదలు. పెట్టేయాలనిపించింది, కానీ వచ్చిన ఫోను మేం పెట్టేయడానికి లేదు.

"సింకు కింద వంపు తిరిగిన గొట్టం ఉంటుంది. దాని కింద బకెట్ పెట్టి, అటూ ఇటూ ఉన్న ప్లాస్టిక్ నట్లు చేత్తో తిప్పి తీయండి."

కాసేపు మూలుగులు, గిన్నెల చప్పుడు.

"వచ్చిందండీ. ఛీ ఛీ, ఎంత జిడ్డో!"

"సాయానికి ఇంట్లో ఎవరూ లేరా అండీ?"

"కోడలుంది. మాట్లాడదు."

"మీరు మాట్లాడుతున్నారా?"

"నేనెందుకు మాట్లాడతాను?"

పెదవి కొరుక్కున్నాను. "బకెట్లో నీళ్లు పారబోసి, గొట్టం కడగండి."

భళ్లున నీళ్ల చప్పుడు, వెనకే ఒక కేక.

"అయ్యో, కాళ్లన్నీ తడిసిపోయాయి!"

"ఎక్కడ పోశారండీ?"

"సింకులోనే. మరి నా నెత్తిన పోసుకోనా?"

విప్పిన గొట్టం ఆవిడ చేతిలోనే ఉంది. నాకు నవ్వు ఆగలేదు. అది విని ఆవిడా నవ్వేశారు. ఒకే కప్పు కింద ఉంటూ మేము నవ్వుకుని ఎన్నాళ్లయిందో.

గొట్టం కడిగి, బిగించి, కుళాయి వదిలారు. నీళ్లు గలగలా దిగిపోవడం నాకూ వినిపించింది.

"ఇంత అవస్థ దేనికండీ? మీ కోడలు ఇంటికొచ్చాక చెప్పి ఉంటే సరిపోయేది కదా."

"అలిసిపోయి వస్తుందమ్మా. మొహం చూస్తే తెలీదూ? ఇంట్లో అడిగితే అది ఇంకో డ్యూటీ అయిపోతుంది. అందుకే డ్యూటీలో ఉండగానే అడిగాను."

 ఫోను పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అది అడక్క తప్పదు.

"ఇంకేమైనా సహాయం కావాలా అండీ?"

"ఆ నట్లు సరిగ్గా బిగించానో లేదో ఒకసారి చూస్తే బాగుండు. తొందరేం లేదు. వేరే ఇంటికి వెళ్లేలోపు ఎప్పుడైనా."

మా ఆయన కడుపులో మాట దాగదు, నాకు తెలుసు. అన్నీ తెలిసే ఆవిడ సింకు కిందికి దూరారు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"సాయంత్రం తిన్నగా ఇంటికే వస్తాను అత్తయ్యా," అన్నాను. రికార్డయితే అవనీ.

అటువైపు కుళాయి కట్టేసిన చప్పుడు.

"రా. వచ్చాక మాట్లాడకపోయినా పర్లేదు. గొంతు బాగా పోయింది నీకు."