మరిడమ్మ పిలిస్తే వచ్చే పుల్లలు

పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మరిడమ్మ బడి వెనక పొయ్యి దగ్గర నిలబడి, సరుగుడు తోటల వైపు తిరిగి కేకేస్తుంది.

"రండర్రా, బేగి రండి!"

కోత అయిపోయిన తోటల్లో మిగిలిన కొమ్మల కొసలూ, చితుకులూ, ఎండు వేళ్లూ లేచి గట్ల మీదుగా నడిచొస్తాయి. సైకిళ్లవాళ్లు ఆగి దారిస్తారు. ఇందులో వింతేముంది? వాళ్లమ్మ పిలిచినా వచ్చేవి. కాకపోతే మిగిలిన పుల్ల మాత్రమే వస్తుంది. పచ్చి చెట్టు నరికి తెచ్చిన దుంగ, గొంతు చించుకున్నా మరిడమ్మ మాట వినదు.

ఆ పుల్లలతోనే తొమ్మిదేళ్లుగా డెబ్భైమంది పిల్లలకి మధ్యాహ్న భోజనం వండుతోంది. గ్యాసు ఇస్తామన్నారు. పొయ్యి వచ్చింది, బండ రాలేదు.

ఆ ఏడు గరివిడి రోడ్డులో మిగులు పుల్లలు కాల్చి కరెంటు తీసే ఫ్యాక్టరీ పెట్టారు. పుల్లలు పోగుచేసి తెచ్చే కంట్రాక్టు గణపతిరావుది. మహానుభావుడు చీపురుపుల్ల కూడా వదలకుండా అన్నీ తాళ్లతో బిగించి లారీలకెక్కించాడు. కట్టేస్తే పాపం అవెలా నడుస్తాయి? రెండు రోజులు మరిడమ్మ పిలిచింది. ఒక్క చితుకూ రాలేదు. పిల్లలు కుళాయి నీళ్లు తాగి ఇళ్లకి పోయారు.

"రేపూ వంట లేకపోతే వేరేవాళ్లకి ఇచ్చెయ్యమంటున్నారమ్మా" అన్నాడు హెడ్మాస్టరు.

మరిడమ్మకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మర్నాడు తెల్లారుతూనే ఆరు కిలోమీటర్లు నడిచి ఫ్యాక్టరీ గేటు దగ్గర లారీల కాటా పక్కన నిలబడింది. కాటా మీద లారీలు తూచేది షీబా, ఊళ్లో చర్చి పక్కింటి పిల్ల.

గణపతిరావు లారీ కాటా ఎక్కింది.

"పైన సూసి రాసియ్యమ్మా" అన్నాడు గణపతిరావు.

"కట్టు ఇప్పాలండి. రూలు."

సణుక్కుంటూ తాళ్లు విప్పించాడు. మరిడమ్మ అందుకోసమే కాచుకునుంది.

"రండర్రా! నా బడి గుంటలు ఆకలితో ఉన్నారు!"

పుల్లలన్నీ ఒక్క ఉదుటున లారీ దిగి రోడ్డెక్కాయి.

"గేటు మూసియ్!" అరిచాడు గణపతిరావు.

"నా పని కాటా ఒరకేనండి" అంది షీబా, కదలకుండా.

లారీ అడుగున పదకొండు జీడిదుంగలు మిగిలాయి. కొండ మీద కాపులో ఉన్న చెట్లవి. ఇంకా జిగురు కారుతోంది. మేనేజరు బయటికొచ్చి చూసి, "ఇవి మిగులా?" అన్నాడు.

గణపతిరావు మరిడమ్మ దగ్గరికి పరిగెత్తాడు. "ఈటినీ పిలవ్వే, నీకు దండమెడతాను!"

"నాను పిలిస్తే రావు బాబూ. నరికించినోడివి నువ్వు. నువ్వే పిలుసుకో."

దిక్కుతోచక పిలిచాడు. దుంగలు లారీ దిగి ఆయన వెనక నిలబడ్డాయి.

ఆ రోజు బడిలో అన్నం గంట ఆలస్యమైంది. పిల్లలు రెండోసారి కూడా పెట్టించుకున్నారు. వంట మరిడమ్మకే ఉండిపోయింది.

గణపతిరావు ఎక్కడికెళ్లినా వెనకాల పదకొండు దుంగలూ నడుస్తూనే ఉన్నాయి. ఎంత అదిలించినా పోవు. ఏ తోట రైతూ ఆయన్ని గట్టు తొక్కనివ్వడం లేదు. నెల తిరగకుండా కంట్రాక్టు పోయింది.

ఒక మధ్యాహ్నం బడి గోడ దగ్గర చెమటలు కక్కుతూ ఆగాడు.

"మరిడమ్మా, పున్నెముంటాది. ఈటిని నీ పొయ్యిలో ఎట్టియ్యే."

మరిడమ్మ గరిటె దించకుండానే చెప్పింది. "నా పొయ్యిలో మిగులు పుల్లే కాలతాది బాబూ. నడు, గుంటల దారికి అడ్డమున్నావు, పప్పు సల్లారిపోతన్నాది."