ముప్ఫై ఒకటో పేజీలో చిన్నకోడలు

నేను ఒక బొమ్మల పుస్తకాన్ని. ముప్ఫై రెండు పేజీలు, గట్టి అట్ట. చదివి బోర్లా పడేసి వెళ్ళేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మీరు అలాంటివాళ్ళు కాదనుకుని చెబుతున్నాను.

అచ్చుకు ముందు నేను, నన్ను రాసి బొమ్మలు వేసిన మందాకిని బల్లమీద రంగుల బొమ్మలుగా ఉండేదాన్ని. కథ ఆమెకు మేనత్త చెప్పింది. చెరువుకట్ట ఎన్నిసార్లు కట్టినా తెగిపోతుంటే, ఇంటి కోడలిని బలి ఇస్తేనే నిలుస్తుందని పెద్దలు తేల్చారు. కట్ట తెగితే మనుషులకు మట్టి సంగతి గుర్తురాదు, కోడలే గుర్తొస్తుంది. కూలీలకు సద్ది తెచ్చిన చిన్నకోడలు లచ్చవ్వను నిలబెట్టి చుట్టూ రాళ్ళు పేర్చారు. ఆమె నవ్వుతూ ఒప్పుకుందట.

మందాకినికి ఆ నవ్వు మింగుడుపడలేదు. కథ తిరగరాసింది. ముప్ఫై ఒకటో పేజీలో లచ్చవ్వ రాళ్ళు తోసుకుని బయటికి వస్తున్నట్టు వేసింది.

ప్రచురణకర్త మాధవరావు చూసి నొచ్చుకున్నాడు. "పిల్లల పుస్తకమండీ మందాకినిగారూ! కోడలు గోడ తన్నేసి వెళ్ళిపోతే ఎవరు కొంటారు? ఆవిణ్ణి లోపలే ఉంచి, పైన నాలుగు పూలు వేయండి. అందంగా ఉంటుంది."

మూడు రోజులు ఆమె కుంచె ముట్టలేదు. నాలుగో రోజు ఒక రాయిని విడిగా కాగితంమీద వేసి, కత్తిరించి, లచ్చవ్వమీద అంటించింది. జిగురు ఆరేదాకా అరచేత్తో అదిమిపట్టింది. కింద ఏదో కదిలినట్టయి చెయ్యి తీసేసింది. అలాగే అచ్చయ్యాం, రెండువేల ప్రతులం.

నేను ఒక ఆడపిల్లల హాస్టల్ లైబ్రరీకి చేరాను. ఓ మధ్యాహ్నం సులోచన టీచర్ నన్ను చదువుతుంటే పిల్లలు ప్రతి మాటకూ ఊ కొట్టారు. ముప్ఫై ఒకటో పేజీకి వచ్చేసరికి అందరూ బిగుసుకుపోయి నోరు మెదపలేదు. అయినా "ఊ" అని వినిపించింది. మన్ను పడిన గొంతు. నాలోంచే.

"ఎవరే అది?" అంది టీచర్.

"మేం గాదు టీచర్. బుక్కులకెల్లి వచ్చింది," అంది ఐదో తరగతి నవత.

"ఎండకు చెవులు గింగురుమంటున్నయి," అంటూ టీచర్ నన్ను గబుక్కున మూసేసింది. ఆమె వేళ్ళు చల్లబడి ఉన్నాయి.

మరునాడు ఆటల పీరియడ్‌లో నవత ఒక్కతే వచ్చి ఆ పేజీకి చెవి ఆనించింది.

"అక్కా, ఊపిరాడుతలేదా?"

"ఊ."

నవత గోటితో రాయిని గీకడం మొదలుపెట్టింది. నొప్పికి వణికిపోయాను. అచ్చు గీకితే తెల్లకాగితం రావాలి. రాలేదు. కనుబొమ్మ వచ్చింది, తరువాత కన్ను. ఆ కన్ను రెప్ప వేసింది. నవత భయంతో ఏడ్చింది, కానీ గీకడం మానలేదు.

టీచర్ వచ్చేసరికి బొమ్మలోని రాళ్ళగోడలో మనిషి పట్టేంత సందు ఉంది, ఖాళీగా. "సర్కారు బుక్కు ఖరాబు చేసినవు గదనే!" అని నవత చెయ్యి పట్టుకున్న టీచర్ ఆగిపోయింది. పిల్ల గోళ్ళనిండా తడిమట్టి. నేలమీద గుమ్మం దాకా ఆడమనిషి అడుగులు, బయటివైపుకే.

నన్ను చిత్తుకాగితాల గోతంలో వేశారు. బాధ లేదు, లోపల తేలికగా ఉంది. కానీ నా తోటి ప్రతులు ఇంకా ఎన్నో అలమారాల్లో ఉన్నాయి. ప్రతిదానిలోనూ ఆమె నిలబడే ఉంది, ఊ కొడుతూనే ఉంది. చదివేవాళ్ళు అది పక్కవాళ్ళ గొంతనుకుని పేజీ తిప్పేస్తున్నారు.