మడమ కదిలిన చోట

సంగీత ఉల్లిగడ్డలు కోస్తుంటే కల్యాణ్ చిన్న స్పీకరు తెచ్చి బియ్యం డబ్బా మీద పెట్టాడు. ఏమీ అడగలేదు. పాట పెట్టి, తలుపు దగ్గర పీట వేసుకుని, ఆమె కాళ్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఎడమ మడమ లేచి నేలను తాకింది. మళ్లీ లేచింది. ఒకచోట ఆగిపోయింది. "ఈడ ఆగింది," అని గొణుక్కుని, స్పీకరు పట్టుకుని వెళ్లిపోయాడు. కాసేపటికి పాట మార్చుకుని మళ్లీ వచ్చాడు. కూర మాడకుండా చూసుకోవడం, పాటకు మడమ ఆడించడం, రెండూ ఆ ఇంట్లో సంగీత పనులే అయ్యాయి. మొదటిదానికి కనీసం ఉప్పు తక్కువైందన్న మాటైనా దక్కేది. రెండోదానికి అదీ లేదు.

కల్యాణ్ జనగామలో డీజే. పాత డిస్కో పాటల కింద హౌస్ బీటు వేసి, అంటే గుండెలా ఆగకుండా కొట్టుకునే ఒకే దరువు వేసి, ఇప్పటి పిల్లలు పెళ్లి ఊరేగింపు బరాత్‌లో ఎగిరేలా చేస్తాడని పేరు. ఆ రికార్డులు సంగీత తండ్రి అమర్‌సింగ్‌వి. మహబూబాబాద్‌లో ఆయనకు మైక్‌సెట్ దుకాణం ఉండేది. జనం భక్తి పాటలు అడుగుతుంటే, ఆయన సికింద్రాబాద్ పోయి విదేశాల డిస్కో రికార్డులు వెతికి తెచ్చుకునేవాడు. గిరాకీ లేనప్పుడు అవి తిరుగుతుండేవి, వాటి ముందు సంగీత తిరుగుతుండేది. మెరుపుల గౌను వేసుకున్న గాయని బొమ్మ ఉన్న రికార్డంటే ఆమెకు ప్రాణం. మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. ఆ గొంతు ఎక్కడ ఎత్తుకుంటుందో, ఎక్కడ నవ్వుతుందో ఒంటికి తెలిసేది.

పెళ్లయిన కొత్తలో ఒక బరాత్‌లో రెండడుగులు వేస్తే అత్త సోమ్లీ చెయ్యి పట్టి లాగింది. "నీ మొగడు జనాన్ని ఆడిస్తడు. నువ్వు జనంల ఆడుతవా?" అంది. ఇంటికొచ్చాక కల్యాణ్ అదే మాట మెత్తగా చెప్పాడు. "డీజే పెండ్లాం ఎగిరితే నా ఇజ్జత్ ఏముంటది చెప్పు." అందులో న్యాయమేమిటో సంగీతకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా ఆడటం మానేసింది. ఒంట్లో ఆగనిది మడమలోకి దిగినట్టుంది.

అది కనిపెట్టింది కల్యాణే. మెరుపుల గౌను పాటను మొదటిసారి మిక్స్ చేసి టేకుమట్లలో పెడితే ఒక్కరూ కదలలేదట. మర్నాడు ఇంట్లో దాన్నే తిప్పి తిప్పి వింటూ, గిన్నెలు సర్దుతున్న భార్య మడమ ప్రతిసారీ ఒకేచోట ఆగడం చూశాడు. అక్కడ దరువు మార్చాడు. ఆ పాట భూపాలపల్లి దాకా మోగింది. ఒక యూట్యూబ్ ఛానల్ నుంచి ఒకామె ఇంటికే వచ్చింది. "బీటు నా రక్తంలనే ఉంది," అన్నాడు కల్యాణ్. ఆమె చాయ్ అందుకుంటూ, "వదినా, మీరు గూడ డాన్స్ చేస్తరా?" అని సంగీతను అడిగింది. "ఆమెకు గివన్నీ తెల్వయి," అన్నాడు కల్యాణ్ నవ్వుతూ. సంగీత కూడా నవ్వింది. తర్వాత వీడియోలో ఆ నవ్వు చూసుకుంటే, తనది కానట్టే అనిపించింది.

ఈమధ్య చెల్లెలు అనితకు పెళ్లయింది. అత్తగారి ఊరు లింగాల ఘనపూర్‌లో బరాత్ తీశారు. పాటలు కల్యాణ్‌వే. "నా పెండ్లిల గూడ ఆడవా అక్కా?" అని అనిత చెయ్యి పట్టి లాగింది. అప్పుడే మెరుపుల గౌను పాట వచ్చింది. సంగీత ఆడింది. పక్కన ఎవరున్నారో చూడలేదు. పొద్దుటి నుంచీ పీకుతున్న నడుం నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. గొంతు ఎత్తుకునే చోటు వస్తోందని చేతులు వాటంతటవే పైకి లేచాయి. పాట ఆగింది.

మైకులో కల్యాణ్ గొంతు వినిపించింది. "ఆడోళ్లు జర పక్కకు జరగాలె. పెండ్లిపిల్లగాని దోస్తులకు జాగ ఇడువుండ్రి." అందరితో అన్నట్టే అన్నాడు. చూపు మాత్రం ఆమె మీదే. ఆమె పక్కకు వచ్చాకే పాట మొదలైంది.

కుర్చీలో కూర్చున్న అమర్‌సింగ్ కూతురిని పిలిచాడు. "ఎందుకు పక్కకొచ్చినవ్ బిడ్డా?"

"పాట బందైంది బాపు."

"మల్ల పెట్టిండు గద."

సంగీత లోపలికి వెళ్లి ప్లేట్లు సర్దింది. సర్దుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. వంటింట్లో అతనికి తన మడమ కావాలి. వీధిలోకి వచ్చేసరికి తను వద్దు. పెళ్లయిన ఇన్నేళ్లలో తను ఆడాలనుకుంటోందా అని అతను అడగలేదు, తనూ చెప్పలేదు. చెబితే ఏమయ్యేదో కూడా తెలియదు.

తర్వాతి వారం కల్యాణ్ కొత్త పాట తెచ్చాడు. ఆదివారం భూపాలపల్లిలో పెద్ద ప్రోగ్రాం. స్పీకరు మోగుతుంటే సంగీత పప్పుకు తాలింపు వేస్తూ మడమను నేలకు అదిమి పట్టింది. అదంత సులువు కాదు. పిక్క నొప్పి పుట్టింది.

"నచ్చలేదా?"

"మంచిగనే ఉంది."

"మరి కాలు కదుల్తలేదు?"

"నాకు గివన్నీ తెల్వయి గద."

అది తన మాటేనని అతనికి గుర్తులేదు. పరేషాన్‌గా చూసి, పాట ఆమె ఫోన్‌కు పంపాడు. "జర తీరుబాటుగ విను."

శనివారం ఆమె మహబూబాబాద్ రైలెక్కింది. ఎందుకు పోతున్నవని సోమ్లీ అడిగితే, "ఊకెనే," అంది. తండ్రి దుకాణం ఎప్పుడో మూతపడినా, ఇంటి ముందుగదిలో ఒక పాత సౌండ్ బాక్సు ఇంకా పలుకుతోంది. అమర్‌సింగ్ ఆమె ఫోన్‌కు వైరు తగిలించాడు. అల్లుడి కొత్త పాట గదంతా నిండింది.

"దరువు మంచిగ కలిపిండు," అన్నాడు, ఒప్పుకోక తప్పనట్టు. సంగీత కాదనలేదు. పాట బాగుంది. అదే ఆమెకు కష్టంగా ఉంది. బాగోలేకపోతే పట్టించుకోకుండా ఊరుకునేది.

కొంగు నడుముకు దోపింది. మొదట సిగ్గుపడుతూ ఆడింది, తర్వాత సిగ్గన్నదే గుర్తురాలేదు. ఒకచోట అడుగు తడబడింది. అక్కడ దరువు కుదరలేదు. దాన్ని దాటేసి ఆడింది. వంటింట్లోంచి తల్లి మంగమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "యాడీ, నువ్వు గూడ రా," అని అమ్మను తమ లంబాడా మాటలో పిలిచి సంగీత చెయ్యి చాచింది. మంగమ్మ ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపు చూసి, తడిచేతులు చీరకు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టింది.

ఫోన్ మోగి పాట ఆగింది. కల్యాణ్.

"ఏడున్నవ్? పాట ఏడ తప్పుతున్నదో చెప్పకనే పోయినవ్. రేపే ప్రోగ్రాం."

"రేపు భూపాలపల్లికి నేను గూడ వస్త."

"నువ్వా? వచ్చి ఏం జేస్తవ్?"

"ఆడ్త," అంది సంగీత. "ఇగ ఫోను పెట్టు. యాడి ఆడనీకి నిలబడ్డది."