మెరిసే గిన్నె చెప్పని వేడి

పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. నేను పుల్లలు ఎగదోస్తున్నాను. అమ్మ జొన్నపిండి మధ్యలో గుంట చేసి నీళ్ల కోసం చూస్తోంది. ఆదివారం సెలవని మా అక్క గౌతమి, తను పనిచేసే పత్తి మిల్లు నుంచి తెచ్చిన టెంపరేచర్ గన్‌ను ఒక్కో వస్తువుకూ గురిపెడుతోంది.

గోడ ఇరవై ఏడు డిగ్రీలు. పక్క పొయ్యి మీది పెనం రెండు వందల పది. నా నుదురు ముప్పై నాలుగు.

"తాకకుండానే ఎట్ల తెలుస్తాందే దానికి?" అంది అమ్మ.

"రవ్వంత వేడి ఉండే ప్రతిదీ కిరణాలు ఇడుస్తాదమ్మా. రేడియో అలలు, ఫోను టవరువి, ఎండ, పొయ్యి సెగ, అన్నీ ఒకే జాతి. అల పొడవులోనే తేడా. మన కంటికి ఆనేది ఆ వరసలో చిటికెడు. ఎరుపు అవతల ఉండేది పరారుణం. మనకు కనపడదు, దీనికి కనపడతాది."

"అంటే చీకట్లో నేనూ ఎలుగుతాంటానా?"

"ఆఁ. నువ్వూ, గోడా, మన మేకా."

"హౌదా, నిజమా! మరి మీ నాయన చీకట్లో నన్నే తొక్కుకుంటా పోతాడేంది?"

అక్క పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పిండి, చీపురు, నా రెండు చేతులు, అన్నీ ఎవరూ వెలిగించకుండానే వెలుగుతున్నాయన్నమాట. చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాను.

"నిన్న దీనితోనే మా మిల్లులో పాత పనోడు హులిగప్ప తాత నోరు మూయించినా" అంది అక్క. "పెద్ద మోటారు బేరింగు కాడ నూనె కాలిన వాసన వస్తాంది, ఆపండని ఒకటే గోల. నేను గన్ పెడితే ముప్పై తొమ్మిది. 'ముక్కును కాదప్పా, మిషన్‌ను నమ్ము' అని సూపర్‌వైజర్ అందరి ముందర ఎగతాళి చేసినాడు."

"ఇయ్యాల తిప్పుతాండారా దాన్ని?"

"సీజను కదా, తిప్పకుండా ఎట్ల?"

"ఆ ముసలాయన పత్తిలో అగ్గి పడింది కండ్లారా చూసినోడు" అంటూ అమ్మ గిన్నె దించి నేల మీద పెట్టింది. అంచుదాకా నీళ్లు, పైన పొగలు.

నేను గన్ తీసుకుని గిన్నె పైభాగానికి పెట్టాను. అమ్మ రోజూ తోమే స్టీలు, తళతళలాడుతోంది. నలభై ఒకటి చూపించింది. ఏదో తప్పు నొక్కాననుకుని మళ్లీ చూశాను. నలభై ఒకటే. కింద మసి పట్టిన చోట పెట్టాను. తొంభై మూడు.

"అక్కా, ఇది చూడు."

అక్క తానే రెండుసార్లు చూసింది.

"మసిది ఉన్నదున్నట్టు చెప్తాది. తోమిందానికి సిగ్గేమో" అంది అమ్మ.

"మెరిసేది తన కిరణాల్ని సరిగ్గా ఇడవదు" అక్క మెల్లగా అంది. "చుట్టూ ఉండేవాటివి తిరగ్గొడతాది, అద్దం మాదిరి."

అయితే ఆ నలభై ఒకటిలో గిన్నెది కొంచెమే. మిగతాదంతా గోడది, అమ్మది, అక్కది, నాది. మా ముగ్గురి వేడీ ఆ స్టీలు మీద పడి తిరిగి వస్తోంది. నిన్నటి ముప్పై తొమ్మిది గుర్తొచ్చింది.

"ఆ బేరింగు మూత ఎట్లుంటాదక్కా?"

అక్క నా వైపు చూసింది. "కొత్తది. తళతళా అంటాంటాది."

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసింది. రింగవుతూనే ఉంది. మళ్లీ చేసింది. మిషన్ల మోతలో ఎవరికి వినపడుతుంది?

అమ్మ పిండిలో నీళ్లు పోస్తూ, "ఒక రొట్టె తిని పోదువు, ఆగే" అంది.

అక్క గన్‌ను నేల మీదే వదిలేసింది. స్కూటీ తాళం అందుకుని, చున్నీకి అంటిన పిండైనా దులుపుకోకుండా, మిల్లుకని గడప దాటింది.