సెలవు చీటీలో తప్పు

...ఊపిరి వదలడం, అంతే, లాటిన్‌లో దాని మొదటి అర్థం అంతే, ఎక్స్ అంటే బయటికి, స్పిరారే అంటే శ్వాసించడం, ఎక్స్‌పైర్ అంటే ఊపిరి బయటికి వదిలేయడం, మందుల షీటు కాదు, పాల ప్యాకెట్టు కాదు, మొదట మనిషే, ఇంగ్లీషువాళ్ళు కొన్ని వందల ఏళ్ళు మనుషులకే వాడుకుని ఆనక మెల్లగా వీసాలకీ డబ్బాలకీ అప్పగించేశారు, మనవాళ్ళు మాత్రం ఇంకా మనుషులకే ఉంచుకున్నారు, ఈ సంగతి నిన్న సాయంత్రం నిఘంటువు తీస్తేగానీ నాకు తెలియలేదు, పద్నాలుగేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను, చెప్పుకుంటే సిగ్గుచేటు, జర జరుగు అన్నా అంటూ కూరగాయల గంపతో ఒకామె పక్కన కూర్చుంది, జరిగాను, పాల్మాకుల పాల్మాకుల అని డ్రైవర్ అరుస్తున్నాడు, ఆటో నిండితేగానీ శంషాబాద్ దాటదు, నిండకపోతే బాగుండును, దిగి ఆరాంఘర్ బస్సెక్కి ఇంటికి పోవచ్చు, ఎక్స్‌పైర్‌కి తోబుట్టువు ఇన్‌స్పైర్, ఊపిరి లోపలికి ఊదడం, హరిప్రసాద్ సార్ విల్ ఇన్‌స్పైర్ యూ అని మా ట్రైనింగ్ సెంటర్ గోడ మీద నా ఫొటో కింద రాశారు, తలపైన విమానం దిగుతోంది, ఎయిర్‌పోర్టులో ఉద్యోగం కోసమే కదా ఈ పిల్లలంతా నా దగ్గర చేరేది, సరిత కూడా అందుకే చేరింది, పాల్మాకులలో ఆ పిల్ల ఇంటికే ఇప్పుడు పోతున్నాను, ఆటో కదిలింది, ఇక దిగడానికి లేదు.

సోమవారం నాడు హోంవర్క్ ఇచ్చింది నేనే, సెలవు చీటీ రాసుకు రండి అన్నాను, మంగళవారం ఇరవయ్యారు చీటీలు వచ్చాయి, పదకొండింటిలో నాయనమ్మలు చనిపోయారు, ప్రతి బ్యాచ్‌లోనూ ఇంతే, ఆ కట్టలోనే స్నేహితురాలు తస్నీమ్ తెచ్చి పెట్టిన సరిత చీటీ ఉంది, సరిత సోమవారమూ రాలేదు, ఆ రోజూ రాలేదు, రాలేదని కూడా నేను గమనించలేదు, మై మదర్ అనంతమ్మ ఈజ్ ఎక్స్‌పైర్డ్ ఆన్ మండే మార్నింగ్ ఫోర్ ఓ క్లాక్ అని రాసి ఉంది, ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పైకి చదివాను, అందరూ నాయనమ్మను చంపితే ఈ అమ్మాయి ఏకంగా అమ్మనే చంపేసింది అన్నాను, అనంతమ్మ ఏమన్నా పాల ప్యాకెట్టా, వీపు మీద తేదీ అచ్చు వేసి ఉందా అన్నాను, ఇంగ్లీషులోనే అన్నాను, క్లాసు విరగబడి నవ్వింది, నాకు బాగానే ఉంది, నవ్వితే నాకు ఎప్పుడూ బాగానే ఉంటుంది, అప్పుడే తస్నీమ్ లేచింది, సార్ గదేందంటే అని మొదలుపెట్టింది, ఇన్ ఇంగ్లిష్ ప్లీజ్ అన్నాను, క్లాసులో తెలుగు, ఉర్దూ మాట్లాడకూడదన్నది నా నియమం, ఆ పిల్ల నోరు తెరిచింది, మూసింది, కూర్చుంది, మళ్ళీ అందరూ నవ్వారు. క్లాసయ్యాక మెట్ల మీద నన్ను ఆపి, సరితోళ్ళమ్మ నిజంగనే సచ్చిపోయింది సార్, మీరు ఇంగ్లిష్‌ల చెప్పుమంటిరి, నాకు రాలే అంది.

శవం వాకిట్లో ఉండగా ఆ పిల్ల కాగితం తీసి ఆ వాక్యం రాసింది, ఎందుకంటే చీటీ లేకుండా మూడు రోజులు రాకపోతే ఇంటర్వ్యూ జాబితాలోంచి పేరు కొట్టేస్తానన్నవాణ్ణి నేనే, ఇంతటితో అయిందా అంటే కాలేదు, రానివాళ్ళ కోసం రోజూ పాఠం రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెడతాను, అది నా గొప్ప, నిన్నటి పాఠమూ పెట్టాను, అరగంట తర్వాత తస్నీమ్ మాట విని చెరిపేశాను, ఎవరెవరు విన్నారో ఫోన్ చూపిస్తుంది, చూసే ధైర్యం లేక చూడకుండానే చెరిపేశాను, విని ఉంటుందా, చావింట్లో ఫోన్ ఎవరు చూస్తారు, చూడరు, అయినా సరిత ఒక్క పాఠం వదిలే పిల్ల కాదే, విని ఉంటే కాళ్ళ మీద పడైనా క్షమించమంటాను, నీ మాట తప్పు కాదమ్మా, అసలు అర్థం ఊపిరి వదలడమే అని చెబుతాను, ఛీ, అక్కడ కూడా పాఠమేనా, పాల్మాకుల దిగాలె అన్నా అన్నాడు డ్రైవర్.

ఇవాళ మూడో రోజు, శ్మశానంలో పిట్టకు మెతుకులు పెట్టి వచ్చినట్టున్నారు, టెంటు కింద చుట్టాలు కూర్చున్నారు, గుమ్మం పక్కన ఆడవాళ్ళ మధ్య సరిత తల వంచుకుని ఉంది, నన్ను చూసి లేచింది, ఆ ముఖం చూస్తే ఏమీ తెలియలేదు, తండ్రి జంగయ్య తువ్వాలు భుజాన సర్దుకుంటూ ఎదురొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు, మా బిడ్డ సారు వచ్చిండు, కుర్సీ ఎయ్యుండ్రి, నిన్న ఫోన్ల మీ మాట విన్నం సారూ అన్నాడు. మా అనంతమ్మ పేరు మీ నోట్లకెళ్ళి రెండుసార్లు వచ్చింది, నాకు ఇంగ్లీషు రాదాయె, ఏమంటున్నడు బిడ్డా అనడిగిన, అమ్మ గురించి మంచిగ చెప్తున్నడు బాపూ అన్నది, మరి గా పిల్లలేంది గట్ల నవ్వుతున్నరు అంటే, అమ్మ అందర్ని నవ్విచ్చేది కద, గా ముచ్చట్లే చెప్తున్నడు అన్నది, అవ్ సారూ, గట్లనే నవ్విచ్చేది, దవాఖానల నర్సమ్మలను గుడ నవ్విచ్చింది, మీరు చెప్పింది జర తెలుగుల చెప్పుండ్రి, మా అక్కలు గుడ వింటరు.

అందరూ నా వైపు తిరిగారు, సరిత అప్పుడు తలెత్తి చూసింది, ఒక్క క్షణమే చూసి తండ్రి వైపు చూసింది, ఆ ఒక్క చూపుతో నాకు మొత్తం తెలిసింది, విన్నది, చివరిదాకా విన్నది, తల్లిని నేను పాల ప్యాకెట్టు చేస్తుంటే ఫోన్ ఆపకుండా, పక్కన తండ్రి అడుగుతుంటే నా మాటలన్నీ అక్కడికక్కడే మంచి మాటలుగా మార్చింది, పద్దెనిమిదేళ్ళ పిల్ల, నేనెన్నడూ నేర్పనిది, తెచ్చుకున్న క్షమాపణ గొంతు దాకా వచ్చింది, నోరు తెరిస్తే నా బరువు దిగుతుంది, దిగి పోయి ఆయన మీద పడుతుంది, నాకు చెప్పడం రాదు జంగయ్యగారూ, అనంతమ్మగారి ముచ్చట మీరే చెప్పండి, నేను వింటాను అన్నాను, కుర్చీ వద్దని చాప మీద కూర్చున్నాను, ఒకపారి ఏమైందంటే సారూ అని ఆయన మొదలుపెట్టాడు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు, నేనూ నవ్వాలి, నవ్వకపోతే ఆయనకు అనుమానం వస్తుంది, నవ్వాను, సరిత వింటోంది, అడిగితే నా కోసం కూడా ఒక మంచి మాట వెతుక్కోవాల్సి వస్తుంది, క్షమించమని ఈ పిల్లను ఇవాళే కాదు, ఎన్నటికీ అడగకూడదు.