కల్తీ బుడిపె

కళ్లెదుట ఉన్న ఉప్పు డబ్బా కనబడని మనిషి విశ్వరహస్యం కనిపెట్టాడు. ఏ ఇల్లాలికైనా ఒళ్లు పులకరించాలి. ఈ ఇల్లాలికి మాత్రం గుండె గుభేలుమంది.

మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే కొలువు. భూమి కింద సొరంగంలో ప్రోటాన్లను గిరగిరా తిప్పి, ఒకదానితో ఒకటి గుద్దించి, రాలిన ముక్కల్లో ఈ లోకం దేనితో తయారైందో వెతకడం. అంతమంది చదువుకున్నవాళ్లు ఒకచోట చేరితే ఇంకేం చేస్తారు! కొత్త కణం తగిలితే కంప్యూటర్ తెర మీది గీతలో చిన్న బుడిపె లేస్తుంది. దాని కోసం సగం జీవితం ధారపోసి, జుట్టూడి, చివరికి పింఛను పుచ్చుకుని వెళ్లినవాళ్లు చాలామంది.

అయితే వెతికేవాళ్ల మీద వెతికించేవాళ్లకు నమ్మకం తక్కువ. అప్పుడప్పుడు అసలు లెక్కల్లో గుట్టుగా ఒక దొంగ బుడిపెను కలుపుతారు, పట్టుకుంటారో లేదో చూద్దామని. దానికి అక్కడి ముద్దుపేరు కల్తీ. ఈసారి కలిపారో లేదో ఎవరికీ తెలియదు, కలిపినామెకూ కలపమన్న పెద్దాయనకూ తప్ప. ఆ కలిపినామె ఎవరో వేరే చెప్పాలా? ముందే నోరు జారితే ఆమె ఉద్యోగం సంగతి అటుంచి, వందలమంది చాకిరీ గంగలో కలిసినట్టే.

మొగుడుగారు ఎగిరి గంతేసి పట్టుకొచ్చింది సరిగ్గా ఆ బుడిపెనే.

"కల్తీదేమో?" అంది ఆమె, అన్నం వడ్డిస్తూ, వీలైనంత మామూలుగా.

"నాకు తెలీదా? కల్తీదైతే ఇంత అందంగా ఉండదు" అన్నారాయన.

ఆ అందం కోసం తను పడ్డ తంటాలు గుర్తొచ్చి ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఎందుకంటే ఆయన కాంట్రాక్టు ఈ వేసవితో సరి. ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగితే ఇప్పటికి ఒక కాలేజీవాళ్లు పర్మనెంటు ఉద్యోగం ఇస్తామన్నారు. శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. కల్తీ గుట్టు విప్పేది సోమవారం.

"ఏమండీ, ఆ కాలేజీకి సరేననండి."

"ప్రపంచం నోరెళ్లబెట్టే వార్త చేతిలో పెట్టుకుని, పిల్లలకు లోలకం పాఠం చెప్పుకోమంటావా?"

"ఈ ఒక్కసారికి నా మాట వినండి."

"ఎందుకు వినాలి? ఆధారం ఏదీ?"

ఆధారం నాలుక చివరే ఉంది. మంచినీళ్లు తాగి మింగేసింది.

పక్కనే భోంచేస్తున్న అత్తగారికి ప్రోటాన్ల గొడవ తెలియదు గానీ కోడలి సంగతి తెలుసు. "ఒరేయ్, అమ్మాయి మొహం చూడరా. ఏదో దిగమింగుతోంది" అంది.

"అసూయమ్మా" అని నవ్వారాయన. "ఒకే ఆఫీసు కదా."

పడుకునే ముందు చెప్పేద్దాం, ఉద్యోగం పోతే పోయిందనుకుని ఉంది ఆమె అప్పటిదాకా. ఆ ఒక్క మాటతో మనసు విరిగింది. చెయ్యి కడుక్కుని లేచింది. శుక్రవారం మొగుడుగారు దర్జాగా కాలేజీకి రానని చెప్పేశారు.

సోమవారం హాలు కిక్కిరిసింది. పెద్దాయన మైకు సవరించుకుని, "కలిపాం" అన్నాడు. చప్పట్లు మోగాయి. తమ పద్ధతి భేషుగ్గా ఉందని రుజువైందట. పట్టుకున్నవాడికి పూలగుత్తి ఇచ్చారు, కలిపినామెకు ఇంకోటి ఇచ్చారు, చూడముచ్చటైన జంట అని పక్కపక్కన నిలబెట్టి ఫొటో తీశారు. విశ్వం మాత్రం తన రహస్యాలు తన దగ్గరే పెట్టుకుని నిమ్మళంగా ఉంది.

కారెక్కాక ఆయన అడిగారు. "ఒక్క మాట చెప్పి ఉంటే నమ్మేవాణ్ణిగా?"

ఆ గొంతు విని ఆమెకు జాలేసింది. అయినా జవాబు నోట్లో సిద్ధంగానే ఉంది.

"గుట్టు విప్పి చెప్తే ఎవరైనా నమ్ముతారండీ. మీరు పెళ్లాం మాట కాబట్టి నమ్ముతారనుకున్నాను."

ఆయన తల దించుకున్నారు. తప్పంతా తనదేనన్నారు, క్షమించమన్నారు. ఆ రోజు చెప్పేద్దామనుకుని, కోపంకొద్దీ మానేశానని ఆమె మాత్రం చెప్పలేదు.