పదిహేను రోజుల్లో మానును

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా అక్క పెరట్లోని కలబంద మాత్రం ఏకంగా పదకొండు రోగాలకు పనికొచ్చింది, అదీ కాగితం మీద. ఆ కాగితం రాసింది నేను.

అక్క వెనక గదిలో సబ్బులూ మలామూ చేస్తుంది. సబ్బుకు కొబ్బరినూనె, కాస్టిక్ సోడా, కలబంద గుజ్జు. మలాముకు అదే నూనె, అదే గుజ్జు, కాస్త తేనెమైనం. తూకంలో చుక్క తేడా రానివ్వదు. సోడా నీళ్లలో కలిపేటప్పుడు కిటికీలు రెండూ బార్లా తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంట్లో ఎవరినీ నోరెత్తనివ్వదు. సబ్బు ముక్కల్ని నెల్లాళ్లు బల్లల మీద ఆరనిచ్చి గాని అమ్మదు. అంత నిక్కచ్చి మనిషి చేసిన సరుకును మొదటి ఏడాది ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకంటే దాని మీద కలబంద సబ్బు, కలబంద మలాం అని మాత్రమే ఉండేది.

నేను ముప్పయ్యేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాను. జీవితమంతా ఇతరుల వాక్యాల్లో తప్పులు పట్టినవాడికి సొంతంగా రాసుకునే అవకాశం వస్తే ఊరుకుంటాడా? మొటిమలు మాయం అని మొదలుపెట్టాను. చుండ్రు, తామర, కీళ్లనొప్పి, నిద్రలేమి చేర్చుకుంటూ పోయాను. లేబుల్ మీద ఇంకా చోటు మిగిలింది కనుక మతిమరుపు కూడా చేర్చాను. మలాం డబ్బా మీద ఎర్ర అక్షరాలతో "ఎంతటి పుండయినా పదిహేను రోజుల్లో మానును" అని వేయించాను. వారం అంటే నమ్మరు, నెల అంటే ఆగరు, అందుకని పదిహేను. నా మాటలు కోటలు దాటాయి. అక్క వారానికి రెండుసార్లు మలాం కాచవలసి వచ్చింది.

అలా నడుస్తుండగా ఒకరోజు పొద్దున ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద సంచి. సంచిలోంచి స్కేలు తీసి ముందుగా అక్షరాల ఎత్తు కొలిచింది. బరువు ఎంతో చెప్పే అంకె కంటే మతిమరుపు మూడింతలు పెద్దగా ఉందంది. తయారైన తేదీ లేదు, బ్యాచ్ నంబరు లేదు, ఏమేం కలిపారో అసలే లేదు. తర్వాత ఒక్కో రోగం మీదా పెన్సిలు ఆనించి అడగడం మొదలుపెట్టింది.

"ఇది తగ్గుతుందని ఎవరు చూశారండీ?"

"వాడేవాళ్లు చెప్తున్నారు."

"ఎవరెవరు? రాసి ఉంచారా?"

"రాయలేదు."

"రాయాల్సింది రాయకుండా రాయకూడనిది రాశారన్నమాట. చూడండి, శుభ్రం చేస్తుందని రాసుకోండి, మిమ్మల్నెవరూ ఏమీ అనరు. నయం చేస్తుందంటే అది మందు. మందుకి పరీక్షలు కావాలి, లైసెన్సు కావాలి."

నేను బేరానికి దిగాను. "పోనీ, నయమవడానికి తోడ్పడును అందామా?"

"ఎంత తోడ్పడుతుంది?"

"ఏదో... ఓ మోస్తరుగా."

"ఓ మోస్తరుగా అని కూడా రాస్తారా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

అప్పుడే అక్క మంచినీళ్లు తెచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ గ్లాసు అందుకోకుండా అక్క పాదం వైపు చూసింది. కుడికాలి చిటికెన వేలికి గుడ్డ చుట్టి ఉంది.

"కాలికేమైందండీ?"

"చెప్పు కరిచిందమ్మా. మా మలామే రాస్తున్నా."

"ఎన్నాళ్లనుంచి?"

"నెల దాటింది."

"షుగరుందా?"

"ఉంది, కొద్దిగా."

ఇన్‌స్పెక్టరమ్మ స్కేలు సంచిలో పెట్టేసింది. "లేబుల్ సంగతి మళ్లీ వచ్చి చూస్తాను. ముందు ఈవిణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇవాళే" అని చెప్పి వెళ్లిపోయింది.

రోజూ ఆ ఇంట్లోనే టీ తాగేవాణ్ని, ఆ గుడ్డ నా కంట పడలేదు. ఒక్క కామా తప్పిపోతే పట్టేసే కళ్లివి. నిజంగా సిగ్గేసింది. గుడ్డ విప్పమన్నాను. వేలు నల్లబడింది, వాసన కూడా వేస్తోంది.

"పద, ఆసుపత్రికి."

"ఎందుకురా? ఇంకో డబ్బా రాస్తే అదే పోతుంది. పదిహేను రోజులన్నావుగా. నాది కాస్త మొండిది, మూడు పదిహేన్లు పడుతుందేమో."

"అది ఊరికే రాశానక్కా!"

"ఊరికే రాస్తే అచ్చెలా వేస్తారు? తప్పుంటే కొట్టేసే ఉద్యోగం కదరా నీది?"

"అందులో ఏముందో నీకు తెలీదా? నీ చేత్తోనే కదా కలిపావు! నూనె, మైనం, గుజ్జు!"

"కలపడం నాకు తెలుసు. అదేం చేస్తుందో నీకు తెలుసు."

బతిమాలాను, కోప్పడ్డాను. ఆ ఇన్‌స్పెక్టరు పిల్ల బెదిరించేసరికి ప్లేటు ఫిరాయిస్తున్నానంది అక్క. చిన్నప్పట్నుంచీ నేను పిరికివాణ్నేనట. నోటిమాటగా చెబితే మా అక్క నమ్మదు, ఆమెకు అచ్చులో ఉండాలి. పాత ప్రెస్సుకు పరుగెత్తాను. నన్ను చూసి మర్యాదకు లేచిన వాళ్లను కూర్చోనివ్వకుండా అక్కడే నిలబడి నాలుగు ముక్కలు వేయించాను. ఈసారి అక్షరాలు పెద్దవే పెట్టించాను.

"ఇది మందు కాదు. ఏ రోగమూ నయం చేయదు. పుండ్లకు పూయరాదు. మానని పుండును వెంటనే డాక్టరుకు చూపించవలెను."

అక్క కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"అయితే మొన్నటిదాకా ఉన్నది?"

"అబద్ధం."

"మతిమరుపు కూడానా?"

"అన్నీ."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. గోడ పట్టుకుని లేచి, "బండి పిలువు" అంది.

డాక్టరు వేలు తీసేశాడు. రెండు వారాల ముందు వచ్చి ఉంటే వేలు దక్కేది, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే పాదమే పోయేది అన్నాడు. అరవై దాటినవాణ్ని, మంచం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. అక్క ఓదార్చలేదు.

"నా వేలు సంగతి సరే. ఎన్ని డబ్బాలు బయటికెళ్లాయిరా?"

"మూడొందలు దాటాయి."

"నాకు చెప్పడానికి తమ్ముడున్నాడు. వాళ్లకెవరున్నారు? పోయి అన్నీ పట్టుకురా."

అదే కాగితాన్ని మూడొందల ప్రతులు తీయించి, సంచిలో వేసుకుని, మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. మొదటి ఇల్లు పోస్టుమాన్‌ది. మలాం అద్భుతంగా పనిచేసిందన్నాడు. తలుపు కీలుకు రాస్తే కిర్రుమనడం మానేసిందట, ఎట్టి పరిస్థితుల్లోనూ వెనక్కివ్వనన్నాడు. రెండో ఇల్లు లెక్కల మాస్టారిది. కాగితం మొత్తం చదివి, మంచి మందులకెప్పుడూ ఇలాగే అడ్డుపడతారని నా మీద జాలిపడ్డాడు. నేను బయల్దేరుతుంటే ఇంకో రెండు డబ్బాలు చాటుగా ఇప్పించగలనా అని అడిగాడు. ముప్పయ్యేళ్లు నేను దిద్దిన రాతల్ని కూడా ఎవరూ ఇంతగా నమ్మి ఉండరు.

మూడో ఇల్లు కుట్టుపని చేసే ఆవిడది. మెడలో టేపుతోనే గుమ్మంలోకి వచ్చి నేను చెప్పింది విని, విసుక్కుంది.

"డబ్బా వెనక్కిమ్మంటే ఎలాగండీ? మా అమ్మ ఆసుపత్రి మందులన్నీ మానేసి ఇదే రాసుకుంటోంది. ఆవిడకి చూపానదు. దాని మీద మీరు రాసిందంతా రోజూ నేనే చదివి వినిపిస్తున్నా."

కాగితం ఆమె చేతికివ్వబోయి ఆగాను.

"అమ్మగారు ఏ గదిలో ఉన్నారు?" అన్నాను. "నేనే చెప్పాలి."